తొలి బకెట్

నీళ్ళలోంచి తీసిన ప్రాణాన్ని తిరిగి నీళ్ళలోకే వదలడం పుణ్యమా, పాపమా? ఈ సందేహం చాలా ఏళ్ళుగా నాతోనే ఉంది. గుళ్ళో మోకరిల్లినప్పుడూ ఉంది, అంట్లు కడిగేటప్పుడూ ఉంది. ఒకసారి మా ఫాదర్‌ని అడిగాను. ఆయన గడ్డం నిమురుకుని, "మనసు మంచిదైతే చాలమ్మా" అన్నారు. మా మనసు మంచిదే. చేపలు మాత్రం చచ్చిపోయాయి.

సెయింట్ క్లెయిర్ నదికి మిషిగన్ వైపు ఒడ్డున మా ఎర దుకాణం. గాలానికి గుచ్చే చిన్న చేపల్ని బతికుండగానే తొట్లలో పెట్టి అమ్ముతాం. సరిగ్గా ఎదురుగా, కెనడా ఒడ్డున ఓర్విల్ దుకాణం. పొద్దున్నే అతను పచ్చ తలుపు తీయడం మా వంటింటి కిటికీలోంచి కనిపించేది. అది కనిపించాకే మా ఆయన యూజీన్ కాఫీ ముట్టుకునేవాడు.

మంచు కరిగి నది కదలగానే చిరుచేపలు గట్టు వెంబడి ఎదురెక్కి వస్తాయి. అవి ఏ ఒడ్డుకి ముందు వస్తే ఆ ఒడ్డువాళ్ళు మొదటి బకెట్ అవతలివాళ్ళకి ఇవ్వాలి. తమ వైపు చేప వచ్చాక వాళ్ళు బకెట్ నింపి తిరిగి ఇస్తారు. మా మామగారి కాలం నుంచీ ఇదే పద్ధతి. ఆ తొలి బకెట్ చేపల్ని అమ్మకూడదు. దాంతో మనమే వేటకి వెళ్ళాలి. సాయంత్రం మిగిలినవాటిని రేవులో పోసి, "ప్రభూ, నీవి నీకే" అనాలి. బతికున్నదాన్ని చెత్తలో పారేసేవాణ్ణి మా వైపు ఎవరూ మెచ్చుకోరు.

చేపలు చచ్చిన ఆ ఏడు చలి వదలడం ఆలస్యమైంది. గట్లకి ఇంకా మంచు పెళ్ళలు అంటుకునే ఉన్నాయి. అయినా ఓర్విల్ పడవ మీద బకెట్‌తో వచ్చేశాడు. తాడు పిడి వేసిన పాత రేకు బకెట్ అది.

"ఏం యూజీన్, మీ చేపలు ఇంకా లేవలేదా? మీ దేశంలో అన్నీ ఆలస్యమే!"

"మావి పూజ ముగిశాకే బయటికొస్తాయి. మీవి మీలాగే, దేవుడి భయం లేనివి."

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ సాయంత్రం మిగిలిన చేపల్ని యూజీన్ రేవులో పోశాడు. "నీవి నీకే" అన్నది నేను.

ఈస్టర్ వెళ్ళాక కొన్నాళ్ళకి నది దిగువనున్న సరస్సు గట్టుకి చచ్చిన చేపలు కొట్టుకొచ్చాయి. నాలుగడుగుల పొడవుండే మస్కీ అనే పెద్ద వేటచేపలు కూడా! వాటి కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ఒంటి మీద నెత్తురు మచ్చలు. యూజీన్ ఒకదాన్ని గడ్డిలోకి లాగి, టోపీ తీసి నిలబడ్డాడు. ఆ వయసు చేపని అతనెప్పుడూ చంపలేదు, దొరికినా వదిలేసేవాడు.

పరీక్ష కోసం చేపలు ఏరుకోవడానికి లాబ్ నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఇది చేపలకే వచ్చే జబ్బని, మనుషులకి భయం లేదని చెప్పింది.

"ఎక్కణ్ణించి వచ్చిందమ్మా?" అని అడిగాను.

"చెప్పలేమండీ. ఓడ తెచ్చిన నీళ్ళలో వచ్చుండొచ్చు, పడవకి అంటుకుని వచ్చుండొచ్చు. ఎవరో పోసిన ఎర బకెట్లోనైనా రావొచ్చు."

యూజీన్ నావైపు చూడలేదు. నేనూ అతనివైపు చూడలేదు.

తర్వాత రేడియోలో ఉత్తర్వు చెప్పారు. బతికున్న చేప సరిహద్దు దాటకూడదు. మిగిలిన ఎరని పట్టిన చోట తప్ప ఇంకే నీళ్ళలోనూ పోయకూడదు. అది న్యాయమే, కాదనను. కాని ఓర్విల్ బేరమంతా మా వైపు నుంచి శనివారాలు పడవెక్కి వెళ్ళేవాళ్ళతోనే. బతికిన చేపని ఇంటికి తెచ్చుకోలేనప్పుడు వాళ్ళెందుకు వెళతారు? రెండు వేసవులు చూసి ఓర్విల్ తొట్లు అమ్మేశాడు. పచ్చ తలుపు తెరుచుకోవడం మానేసింది. యూజీన్ మాత్రం చాలాకాలం అటు చూసి చూసి, చల్లారిపోయిన కాఫీ తాగేవాడు.

అతని బకెట్ మా దగ్గరే ఉండిపోయింది. మా వైపు చేప వచ్చేలోపే ఆ ఉత్తర్వు వచ్చిపడిందిగా. క్రిస్మస్‌కి ఫోన్ చేసినప్పుడల్లా ఓర్విల్ ఒకటే మాట, "నా బకెట్ చేపలేవమ్మా? ఎగ్గొడదామనా?" మొదట్లో నవ్వేవాడు. పోనుపోను నవ్వు తగ్గింది, దగ్గు పెరిగింది.

ఈ వసంతంలో అతని భార్య డోర్కస్ ఫోన్ చేసింది. "డాక్టర్లు చేతులెత్తేశారు, లియోంటీన్. నిన్నేదో అడగాలంటున్నాడు. నాతో చెప్పడు. ఆ విషయం తేలితేగాని నిద్రపోయేలా లేడు."

నేను బకెట్‌ని వేడినీళ్ళతో తోమి ఎండబెట్టాను. యూజీన్‌కి మోకాళ్ళు కదలవు. దుకాణం గుమ్మంలో నిలబడి, "ఖాళీదే తీసుకెళ్తావా?" అన్నాడు.

"నిండుది తీసుకెళ్తే నన్ను లోపలేస్తారు."

పడవ అవతల ఒడ్డుకి చేరాక సరిహద్దు అధికారి నా ఒళ్ళో ఉన్న బకెట్‌లోకి వంగి చూశాడు. "ఏముందండీ అందులో?"

"ఏమీ లేదు బాబూ. బాకీ."

అతను బకెట్ తిరగేసి చూసి తిరిగిచ్చాడు. దార్లో ఒక రోజు వేటకి లైసెన్సు కొనుక్కున్నాను.

ఓర్విల్ వరండాలో కుర్చీలో ఉన్నాడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, మోకాళ్ళ మీద దుప్పటి. ఎప్పుడూ ఎండకి కాలి ఉండే చేతులు పిండిలా తెల్లబడ్డాయి. డోర్కస్ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళేదాకా ఆగాడు.

"ఆ ఏడు మా వైపు చేప రాలేదు, లియోంటీన్."

నాకు అర్థం కాలేదు. "మరి బకెట్ తెచ్చావుగా?"

"కొని తెచ్చాను. తూర్పున పెద్ద సరస్సు నుంచి లారీ వస్తే కొన్నాను. ప్రతి ఏడూ నేనే ముందు ఇవ్వాలని పంతం. మీ ఆయన్ని ఏడిపించాలిగా మరి! ఆ జబ్బు అక్కడే ముందు బయటపడిందని తర్వాత విన్నాను." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "చెప్పు. ఆ చేపలన్నీ చచ్చింది నా బకెట్ వల్లేనా?"

కాదని ఒక్క మాట అంటే చాలు, అతను నిద్రపోయేవాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కాని చావుకి దగ్గరైన మనిషికి అబద్ధం ఇచ్చి పంపడం ఎలా?

"నాకు తెలీదు, ఓర్విల్. ఎవరికీ తెలీదట. ఆ లాబ్ అమ్మాయినే అడిగాను. నువ్వు తెచ్చావు. యూజీన్ పోశాడు. దేవుడి పేరు చెప్పింది నేను. నేనూ ఇన్నేళ్ళుగా ఇదే అడుగుతున్నాను."

"నువ్వు కూడానా?"

"యూజీన్ కూడా. ఇంట్లో ఆ మాట ఎత్తం, అంతే."

"నేనొక్కణ్ణే అనుకున్నాను." కళ్ళు తుడుచుకోబోతే గొట్టం అడ్డొచ్చింది. నేనే తుడిచాను.

డోర్కస్ టీ తెచ్చింది. గోడకి వేలాడుతున్న చేతివల అడిగి తీసుకుని నేను వాళ్ళ రేవుకి దిగాను. ఎండ నీళ్ళ అడుగుదాకా పడుతోంది. పచ్చని వీపులతో చిరుచేపలు గట్టు పక్కనే గుంపుగా ఎదురీదుతున్నాయి. నా నడుము మునుపటిది కాదు. నాలుగు విసుర్లకే బకెట్ అడుగు నిండింది, అంతే మోయగలిగాను.

బకెట్ తెచ్చి అతని మోకాళ్ళ దగ్గర పెట్టాను. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఎక్కడివి?"

"మీ రేవులోవే. ఇప్పుడే పట్టాను."

"నా చేపలే తెచ్చి నా బాకీ తీరుస్తున్నావా? ఎంత గడుసుదానివే!"

"నీవని ఎవరు రాసిచ్చారు? నిన్న మా వైపు ఉన్నాయేమో. వాటికి సరిహద్దు తెలుసా ఏమన్నా?"

అతను నవ్వాడు. నవ్వు దగ్గై, దగ్గు తగ్గాక చెయ్యి మెల్లిగా నీళ్ళలో పెట్టాడు. చేపలు ముందు బెదిరి, తర్వాత వేళ్ళ మధ్య తిరిగాయి. అలా ఎంతసేపో.

"ఇక చాలు. పాపం, వాటికి గాలాడదు" అన్నాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు, "పొయ్యొచ్చా?"

"ఇక్కడివి ఇక్కడే పొయ్యొచ్చు. వీటివల్ల ఎవరికీ ఏమీ కాదు."

డోర్కస్ బకెట్ పట్టుకుని మెట్లు దిగింది. ఓర్విల్ కుర్చీలోనే ముందుకి వంగాడు. ఆమె బకెట్ వంచుతుంటే పెదాలు కదిపాడు. నేను వినాలని చూశాను కానీ ఆక్సిజన్ చప్పుడులో వినపడలేదు.

ఆమె ఖాళీ బకెట్‌తో పైకొచ్చింది. ఓర్విల్ దాన్ని తీసుకుని, నీళ్ళు కారుతున్నా సరే, దుప్పటి మీద ఒళ్ళో పెట్టుకున్నాడు.

"యూజీన్‌తో చెప్పు," అన్నాడు కళ్ళు మూసుకుంటూ, "బకెట్ ముట్టిందని."