పుట్టింటి కోక

మదరాసులో ఓడ దిగిన జ్వరం మా ఊరికి బస్సెక్కి వచ్చిందని రాజపాళయం జనం నిందించేవాళ్ళు. యాభై ఏడో సంవత్సరం అది. నిందలో నిజమెంతో ఎవరు తేల్చగలరు గాని, ఆడి నెల, అంటే ఆషాఢం, వచ్చేసరికి జగన్నాథ రాజా మోటారు కంపెనీలో తొమ్మిది బస్సులకు నలుగురే డ్రైవర్లు మిగిలారు. మిగతావాళ్ళు కొందరు మంచాన పడ్డారు, కొందరు భయపడి ఇల్లు కదలడం మానేశారు. ఒకడు మాత్రం మరి రాలేదు.

ఆ ఒకడు బాలకృష్ణన్. సత్రపట్టి బస్సు నడిపేవాడు. ఆ పక్కన చావంటే ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. ఒక ఇంట్లో మనిషి పోతే వీధి మొత్తం బస్సెక్కేస్తుంది. ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటారు, చోటు చాలనివాళ్ళు పైకెక్కుతారు, దారి పొడవునా ఏడుపే. తిరిగొచ్చేటప్పుడు తలస్నానాల తడితో అందరూ అంటుకుపోయి కూర్చుంటారు. అలా ఒక చావు గుంపును ఎక్కించుకున్న రోజు వాన కూడా పడుతోందని బాలకృష్ణన్ కిటికీలకు టార్పాలిన్ గుడ్డలు దించి నడిపాడు. లోపల దగ్గేవాళ్ళు దగ్గుతూనే ఉన్నారు. వారం తిరగకుండా అతని పాడె లేచింది.

పాడె మోసిన నలుగురిలో టైంకీపరు శ్రీనివాసన్ ఒకడు. బస్టాండులో ఈల ఊది బస్సులను పంపించడం అతని పని. మహా నిక్కచ్చి మనిషి. వేళ దాటాక మొదలాళి బామ్మర్ది పరిగెత్తుకొచ్చినా ఈల ఆపేవాడు కాదు. మొదలాళి అంటే కంపెనీ యజమాని, జగన్నాథ రాజా. ఆయన ముందు కుర్చీలో కూర్చోవడానికి కూడా జంకే శ్రీనివాసన్, శ్మశానం నుంచి నేరుగా తడిబట్టలతో ఆయన గుమ్మం ముందు నిలబడ్డాడు.

"బస్సులు ఇట్లా నడిపితే ఇంకొకడు పోతాడు మొదలాళీ," అన్నాడు. "ఒకడు పోయినాడు, చాలు."

ఆ మర్నాటి నుంచి పద్ధతి మారింది. నిలబడి ప్రయాణం లేదు. ఒక సీటు విడిచి ఒక సీటు. ట్రిప్పులు సగానికి సగం. సాయంత్రం బస్సులను పినాయిలు నీళ్ళతో కడిగి, కిటికీలు తెరిచి గాలి తగిలేలా నిలబెట్టేవాళ్ళు. ఎక్కేవాళ్ళను శ్రీనివాసన్ తనే మెట్టు దగ్గర నిలబడి, "ఇంట్లో ఎవరికైనా జొరమా?" అని అడిగేవాడు. ఉందన్నవాళ్ళను ఎక్కించేవాడు కాదు. జనం ఏం తక్కువ తిన్నారా, ఉన్నా లేదనేవాళ్ళు. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని, కళ్ళు ఎర్రబడి ఉన్నా, లేదు సామీ అని ప్రమాణం చేసేవాళ్ళు. వాళ్ళ కళ్ళలోకి చూసి పట్టేసి దించేసేవాడు. దించినప్పుడల్లా తిట్లు తినేవాడు.

అన్నిటికంటే పెద్ద తిట్టు తెచ్చింది చావు కట్టడి. చావుకు పోయే గుంపులను బస్సెక్కనివ్వరాదని శ్రీనివాసన్ పట్టుబట్టాడు. మొదలాళి భయపడ్డాడు.

"అదెట్లా శ్రీనివాసా? ఆడకూతురు చచ్చిపోతే పుట్టింటి కోక కప్పకుండా పాడె లేస్తాదా? మన వంశం నిలవదు."

అదీ నిజమే. ఆడమనిషి ఎంత పెద్ద ఇంట్లో పడ్డా, ఎంతమంది పిల్లల్ని కన్నా, చివరికి ఆమె మీద పుట్టింటివాళ్ళు తెచ్చిన కొత్త కోక పడాలి. మేనమామో, అన్నో, తమ్ముడో తెచ్చి కప్పాలి. అది రాకుండా శవాన్ని కదిలిస్తే రెండు ఊళ్ళ మధ్య తలలు పగులుతాయి. శ్రీనివాసన్ ఆ చిక్కుకు కూడా దారి ఆలోచించుకునే వచ్చాడు. మనుషులు పోరు, కోక పోతుంది. కొత్త కోక కాగితంలో చుట్టి కండక్టరు చేతికిస్తే, అవతలి ఊరి స్టాపులో ఎదురుచూసేవాళ్ళకు అతను అందిస్తాడు. పుట్టింటివాళ్ళ పేరు చెప్పి వాళ్ళే శవం మీద కప్పుతారు.

మొదట్లో జనం మండిపడ్డారు. కోకకు టిక్కెట్టు కొడతావా అని ఒకడు వెక్కిరించాడు. తరవాత్తరవాత చావులు ఎక్కువయ్యాక ఎవరికీ వెక్కిరించే ఓపిక లేకపోయింది. తళవాయిపురం బస్సు కండక్టరు కాశి, నెరిసిన మీసాలవాడు, తన సీటు పక్కన పొట్లం పెట్టుకుని పోని రోజు తక్కువ. ఆ పొట్లాన్ని ఎవరి కాలూ తగలకుండా చూసుకునేవాడు.

అటువంటి రోజుల్లో ఒక ఉదయం తళవాయిపురం నుంచి మొదటి బస్సు వచ్చింది. కాశి దిగుతూనే శ్రీనివాసన్‌తో అన్నాడు. "సంగిలి వీధి బొమ్మక్కకు కబురు చెప్పి రావాలి సార్. కూతురు అంబుజం తెల్లవారుజామున పోయినాది. పచ్చి బాలింత. మధ్యానంలోగా ఎత్తేస్తారంట."

జ్వరంతో పోయినవాళ్ళను మధ్యాహ్నం దాటి ఉంచరాదని అప్పట్లో ఊరూరా పంచాయతీ దండోరా వేయించింది. ఎడ్లబండి కట్టుకుని బయలుదేరినా తళవాయిపురం చేరేసరికి చితి ఆరిపోతుంది. బస్సొక్కటే దారి. ఆ దారికి కాపలా శ్రీనివాసన్.

బొమ్మక్క వచ్చింది. యాభై దాటిన మనిషి, విధవరాలు. జుట్టు విరబోసుకుని, చంకలో కొత్త కోక పెట్టుకుని, ఏడవకుండా వచ్చింది. ఏడుస్తూ వచ్చి ఉంటే అతనికి కొంత సులువయ్యేది. మెట్టు దగ్గర నిలబడింది.

అలవాటు నోరు కదా, శ్రీనివాసన్ అడిగేశాడు. "అక్కా, ఇంట్లో ఎవరికైనా జొరమా?"

"ఉండాది తమ్ముడా. కొడుకు కుమారసామికి. మూడు నాళ్ళుగా నేనే ఒళ్ళు తుడుస్తా ఉండాను."

లేదని ఒక్క ముక్క అనుంటే, ఈ ఒక్కసారికి అతను కళ్ళు పక్కకు తిప్పుకుని ఎక్కించేసేవాడేమో. ఏమోనేమిటి, ఎక్కించేసేవాడే. ఊరంతా అబద్ధం చెప్పి ఎక్కిన బస్సది. ఈవిడకు మాత్రం నిజం చెప్పబుద్ధయింది.

"అక్కా, ఎక్కరాదు," అన్నాడు. "లోపల పసిబిడ్డల తల్లులు ఉండారు. కోక ఇయ్యి, కాశి తీసుకుపోతాడు."

"కోక కాశి చేతిలో పోతాది, సరి. నా బిడ్డ మొగం ఎవరు చూస్తారు?"

అతను తల వంచుకున్నాడు.

"పెళ్ళి చేసి పంపినాను. కాన్పుకు తీసుకొస్తామంటే ఈ జొరం కాలంలో వద్దన్నారు. ఆరు నెలలాయె దాన్ని చూసి. కాల్చేముందు ఒక్కసారి మొగం చూసుకోవద్దా తల్లి?" గొంతు పెంచలేదు. "నన్ను ఎక్కించవద్దు. నీ పద్ధతి నీకుండాది, నేను తప్పని చెప్పను. నువ్వు పో. నన్ను అక్కా అంటివి గదా, నువ్వు దానికి మామ. నీ చేత్తో కప్పు. మొగం బాగా చూసి వచ్చి నాకు చెప్పు."

బస్సులో ఎక్కినవాళ్ళంతా ఇటే చూస్తున్నారు. శ్రీనివాసన్‌కు భయం వేసింది. అతనికీ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు. జ్వరమున్న ఇంట్లో కాలు పెట్టవద్దని ఊరందరికీ చెప్పేవాడు, తను పోతే ఏమైనా ఉందా? అయినా చేతులు ముందుకు చాచాడు. బొమ్మక్క కోకను అందులో పెట్టింది. మామిడిపండు రంగు నూలు కోక, గంజి వాసన ఇంకా పోలేదు. ఈలను షెడ్డు గుమాస్తాకిచ్చి అతను బస్సెక్కాడు.

తళవాయిపురంలో లక్ష్మణన్ ఇంటి ముందు పందిరి లేదు, మేళం లేదు. పది పన్నెండు మంది మూతులకు గుడ్డలు కట్టుకుని దూరదూరంగా నిలబడి ఉన్నారు. అంబుజం మొగుడు లక్ష్మణన్ అరుగు మీద కూలబడి ఉన్నాడు. బిడ్డను పక్కింటివాళ్ళు తీసుకుపోయారు.

"పుట్టింటోళ్ళు ఎవరూ రాలేదా?" అని లోపలి నుంచి ఒక ముసలావిడ అడిగింది.

"నేను వచ్చినాను," అన్నాడు శ్రీనివాసన్. "మామను."

అంతకుముందు ఆ అమ్మాయిని అతనెప్పుడూ చూడలేదు. అయినా ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తడబడలేదు. తువ్వాలు ముక్కు మీదికి లాక్కుని లోపలికి పోయాడు. దూరం నుంచి ఒకసారి చూసి, కోక కప్పేసి బయటపడదామని కాళ్ళు తొందరపెట్టాయి. రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఏం చెబుతాడు బొమ్మక్కకు? చూశానంటాడా? ఏం చూశావంటే?

దగ్గరగా పోయి మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పసుపు పూసిన చెంపలు. నుదుట పెద్ద కుంకుమబొట్టు. కుడి కనుబొమ మీద చిన్న మచ్చ, చిన్నప్పుడెప్పుడో పడి తగిలించుకున్నది కాబోలు. పెదాలు ఎండి ఒక పక్క చీలి ఉన్నాయి. తల కుదురుగా దువ్వి కనకాంబరాలు పెట్టారు. రవిక ముందు భాగం పాలతో తడిసి, ఆ తడి ఇంకా ఆరలేదు. ఎడమ కన్ను మాత్రం మూతపడలేదు. సగం తెరుచుకుని గుమ్మం వైపు ఉంది.

"రెండుసార్లు మూసినాము," అంది ముసలావిడ. "నిలవలేదు. ఎవరికోసమో చూస్తా పోయినాది."

శ్రీనివాసన్ కోక విప్పి, కాళ్ళ నుంచి మెడ దాకా కప్పాడు. ఆ తరవాత కుడి అరచేతిని ఆ కంటి మీద పెట్టాడు. చల్లగా ఉంది. తీయలేదు. ముసలావిడ చాలు చాలంది, బయట పాడె కట్టేవాళ్ళు తొందరపడుతున్నారు, అయినా తీయలేదు. రెప్ప తన చేతికింద నిలిచిందని తెలిశాకే తీశాడు. తువ్వాలు ఎప్పుడు జారి మెడలో పడిందో అతనికే తెలియలేదు.

శ్మశానం దాకా పోయి, అక్కడి బావి దగ్గర స్నానం చేసి స్టాపుకు వచ్చేసరికి తిరుగు బస్సు సిద్ధంగా ఉంది. కాశి కిందికి దిగి వెనక సీటు చూపించాడు.

"వెనక ఖాళీగా ఉండాది. కూర్చోండి సార్."

శ్రీనివాసన్ మెట్టు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు.

"నన్ను అడగలేదేమి కాశీ?"

"మిమ్మల్నేమి అడిగేది?"

"ఇంట్లో ఎవరికైనా జొరమా అని."

కాశి ముఖం పాలిపోయింది. "సార్, మీరు స్నానం చేసినారు గదా. ఎవరు చూసినారు, ఎక్కండి."

"పొద్దున బొమ్మక్కను ఎక్కనీకుండా, మధ్యానం నేను ఎక్కనా? అది నా వల్ల కాదు." వెనక్కి జరిగాడు. ఈల లేదు గనక రేకు మీద చేత్తో రెండు దెబ్బలు కొట్టి, "రైట్," అన్నాడు. డ్రైవరుకు వేరే దారి లేకపోయింది. బస్సు కదిలి దుమ్ములో కలిసిపోయింది. శ్రీనివాసన్ నడక మొదలుపెట్టాడు.

పది మైళ్ళ దారి. బస్సులో పోయేవాడికి అది దారే కాదు. సేత్తూరు దాటేటప్పటికి చెప్పులు చేతిలోకి వచ్చాయి. నీళ్ళు పోస్తామన్నవాళ్ళను కూడా దూరం నుంచే పొయ్యమన్నాడు. నడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆ కన్ను సంగతి చెప్పాలా? కళ్ళు మూసుకుని నిద్రపోయినట్టు ఉన్నాదక్కా అంటే సరిపోతుంది. ఆ తల్లి ప్రాణం కొంత కుదుటపడుతుంది. ఎవరికి తెలుస్తుంది? చావు సంగతుల్లో అందరూ అలాగే చెబుతారు. చెప్పేద్దామనే అనుకున్నాడు. ఊరి మిల్లు పొగగొట్టాలు కనబడేవరకూ అదే అనుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు బస్టాండు చేరాడు. బొమ్మక్క షెడ్డు బయట, జనానికి దూరంగా, నేల మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నం బస్సులో అతను రాకపోయినా ఇంటికి పోలేదు. అతన్ని చూసి లేవబోయింది.

"అక్కడే ఉండక్కా," అన్నాడు. "నేను జొరం ఇంట్లో నుంచి వస్తా ఉండాను."

బస్సు నిలిచేంత దూరం మధ్యన పెట్టుకుని అతనూ కూర్చున్నాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. పసుపు, బొట్టు, కనుబొమ మీద మచ్చ. మచ్చ అనగానే ఆమె తల ఊపింది. ఉయ్యాల తొట్టిలోంచి పడినాది, అంది. పూలు ఏమి పూలు అని అడిగింది. కనకాంబరాలన్నాడు. పాలతడి సంగతి చెప్పినప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు వంగిపోయింది. అతను ఆగాడు.

తరవాత తల ఎత్తింది. "కళ్ళు మూసుకొనే పోయినాదా?"

దారంతా తయారు చేసుకున్న మాట నాలుక చివరకు వచ్చింది. కాని పొద్దున బస్సు మెట్టు దగ్గర ఉండాది తమ్ముడా అన్న మనిషి ఈవిడ. ఆ మాటతో కూతురి ముఖం పోగొట్టుకున్న మనిషి. ఆవిడకు అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"ఎడమ కన్ను తెరిచే ఉన్నాది అక్కా. గుమ్మం పక్క చూస్తా ఉన్నాది. వాళ్ళు మూస్తే నిలవలేదు." చేతిలోని చెప్పులు పక్కన పెట్టాడు. "నేను మూసినాను. నిలిచినాది."

బస్టాండులో ఆఖరి బస్సు కడుగుతున్న నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఏ చెయ్యి?" అంది బొమ్మక్క.

అతను కుడిచెయ్యి ఎత్తాడు.

"వెలుతురుకు పెట్టు."

షెడ్డు దీపం కాంతి పడేలా అరచెయ్యి ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. ఆమె దగ్గరకు రాలేదు. అక్కడి నుంచే, కళ్ళు చిట్లించి, ఆ చేతిని చూడసాగింది. ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు. పొద్దుటి నుంచీ రానిదంతా వచ్చింది. ఏడుస్తూనే చూసింది, కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. శ్రీనివాసన్ భుజం లాగుతున్నా చెయ్యి దించలేదు. చాలు తమ్ముడా అని ఆమె అనేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.