బదులు చెప్పకూడని ఆదివారం

మా మేనమామ కొడుకు ఇన్నయ్య నా చేను తిన్నాడు. నన్ను సింగపూరు పంపే ఏజెంటుకి డబ్బు కట్టాలి, చేను తాకట్టు పెడదామని చెప్పి అమ్మకం దస్తావేజు మీద సంతకం పెట్టించుకున్నాడు. ఐదో తరగతిలో బడి మానేసినవాణ్ణి, బావ కదా అని నమ్మాను. పదకొండేళ్ళయింది. ఇద్దరమూ సింగపూరులో ఒకే షిప్‌యార్డులో పనిచేస్తున్నాం. నలుగురిలో ఆ ఊసెత్తితే చాలు, ఏదో ఒక పరాచికమాడి నా మాట మధ్యలోనే తుంచేస్తాడు. నలుగురూ ఆయనతో కలిసి నవ్వుతారు.

ఆయన పని మానుకుని గురువారం ఊరికి వెళ్ళిపోతున్నాడని తెలిసింది. నా మాట నలుగురి చెవిన పడాలంటే ఇక మిగిలింది ఒక్క ఆదివారమే.

అది ఈస్టరు తరువాతి ఆదివారం. ఇక్కడి క్లెమెంటి పేటలో ఉంటూ పరిశోధన చేసుకుంటున్న ఉదయశ్రీ గారి ఫ్లాటులో తెలుగు కతోలికులం పదిమందిదాకా చేరాం. రాయలసీమలోని ఒక మఠం నుంచి బ్రదర్ జోజప్ప వచ్చారు.

"మా మఠంలో సువిశేష పాఠం మూడుసార్లు చదువుకుంటాం," అన్నారాయన. "తర్వాత ఒక్కొక్కరూ మనసుకి తగిలిన మాట చెబుతారు. ఎవరేం చెప్పినా ఇంకొకరు బదులు చెప్పకూడదు. ఔననొద్దు, కాదనొద్దు. వినటమే."

బదులు చెప్పకూడదు! ఇన్నయ్య కూడా!

పక్కనున్న మా యార్డు కుర్రాడు చంటి నా మోకాలు పొడిచాడు. "ఏంది మామా, లాటరీ తగిలినోడిలా ఎలిగిపోతన్నావ్?"

"నోర్ముయ్‌రా, ప్రార్థన."

"ఇంకా మొదలవలా గదా!"

అవతల ఇన్నయ్య చెయ్యెత్తాడు. "తప్పు చెబితే కూడా దిద్దొద్దా బ్రదర్? మా శౌరిగాడున్నాడు, పన్నెండుమంది శిష్యులెవర్రా అంటే యార్డులో ఫోర్మన్ల పేర్లు చెబుతాడు!"

అందరూ నా వైపు చూసి నవ్వారు. జోజప్ప గారు మాత్రం పుస్తకం తెరిచారు. "దిద్దొద్దు పెద్దాయనా."

భయంతో తలుపులు బిగించుకున్న శిష్యుల మధ్యకి ప్రభువు వచ్చి తన చేతుల్లోనూ డొక్కలోనూ ఉన్న గాయాలు చూపించటం, ఆ రోజు అక్కడ లేని శిష్యుడు తోమా వారం తర్వాత ఆ గాయాలు చూడటం, అదీ ఆనాటి పాఠం. మొదటిసారి చదువుతుంటే నాకొక్క ముక్కా ఎక్కలేదు. దొంగ, సంతకం, ఇన్నయ్య అని లోపల వరస కట్టుకుంటున్నాను. రెండోసారీ అంతే.

మూడోసారి చదివే ముందు జోజప్ప గారు, "చావు నుంచి లేచి వచ్చాక కూడా గాయాలు పోలేదు, చూశారా?" అన్నారు. నేను తలెత్తాను. నిజమే! ఆ గదిలో ఉన్న శిష్యులంతా ప్రభువుని పట్టుకున్న రోజు పారిపోయినవాళ్ళే. పేతురైతే ఆయనెవరో తెలియదన్నాడు. ఆయన గాయం దాచుకోలేదు, తీసి చూపించాడు. ఒక్కడి పేరూ ఎత్తలేదు. ఇన్ని ఈస్టర్లు విన్నాను, ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. నా వంతు ఎప్పుడొస్తుందా అని కుర్చీ అంచుకి జరిగాను.

ఉదయశ్రీ గారు "తలుపులు" అన్నారు. ఇన్నయ్య "శాంతి" అని మొదలుపెట్టి చిన్న ప్రసంగమే చేశాడు. చంటి, "అందరూ బయపడి లోపల కూసుంటే, తోమా ఒక్కడే బయట తిరిగాడు. మొగోడు!" అన్నాడు. నవ్వు రాబోయింది, ఎవరూ బదులు చెప్పకూడదు కదా, ఆపుకున్నాం.

నా వంతు.

"గాయం," అన్నాను.

"అదుగో, మొదలెట్టా..." అన్నాడు ఇన్నయ్య.

జోజప్ప గారు అరచెయ్యి ఎత్తారు. ఇన్నయ్య నోరు మూసుకున్నాడు. నేను మాట్లాడుతుంటే ఆయన నోరు మూసుకోవటం అదే మొదలు.

అందరూ నా వైపే చూస్తున్నారు. ఇన్నయ్య పేరు నాలిక చివర దాకా వచ్చింది. ఇక్కడ రాస్తున్నాను గానీ, ఆ గదిలో దాని అవసరం కనిపించలేదు.

"నాకూ ఒకటుంది. ఇంకా మానలా. మీకు చూపిస్తా, చూడండి. మా అమ్మ మిరప ఏసిన నల్లరేగడి. రెండెకరాల పద్దెనిమిది సెంట్లు."