సమ్మెటకు నిలవని రాయి

కర్నూలు నీళ్లలో మునిగిన ఏడు జరిగిన సంగతి ఇది.

నేను ఒక మెత్తని పొరను. మీ కాళ్ల కింద పదిహేను ఆమడల లోతున ఉంటాను. రాయినే, కానీ వేడికి బెల్లం పాకంలా సాగుతాను. మీ గోరు పెరిగినంత నిదానంగా కదులుతాను. చదువుకున్నవాళ్లు నన్ను బలహీనపు పొర అంటారు. అననీ. మీ కొండలూ ఊళ్లూ ఆ బలహీనుడి వీపు మీదే ఉన్నాయి.

నూరు కోట్ల ఏళ్ల కిందట నాలో కొంత కరిగి, పైనున్న గట్టి రాతిని చీల్చుకుంటూ లేచింది. ఆ రాతి అడుగున ఉన్న వజ్రాలను పెకిలించి పైకి మోసుకుపోయింది. కర్నూలు జిల్లా తుగ్గలి చేలల్లో వాన వెలియగానే మనుషులు నడుము వంచి వెతికేది వాటికోసమే. దేవుడి ముందు కూడా అంతసేపు వంగరు.

మద్దిలేటి అక్కడే కౌలు రైతు. ఇరవై ఏళ్లుగా ఒకే ఎర్రచేను దున్నుతున్నాడు. ఆసామి దాన్ని అమ్మకానికి పెట్టి, ఉగాదిలోపల నువ్వే కొను, లేకపోతే ఖాళీ చెయ్యి అన్నాడు. కొనాలంటే ఒక రాయి దొరకాలి. వేరే దారి లేదు.

కర్నూలును ముంచిన వానలే ఆ చేను మట్టినీ కోశాయి. గట్టు పక్కన శనగగింజంత రాయి బయటపడింది. మద్దిలేటి భార్య సుంకమ్మ చూసింది.

"యో, ఇట్ల రా. ఎట్ల మెరుస్తాందో చూడు."

"పోయినేడూ మెరిసింది."

పోయినేడు అతను ఒక ముక్కను రాళ్లు కొనే షావుకారికి చూపించాడు. అది సోడాబుడ్డి గాజుపెంకు. అప్పటినుంచి ఊళ్లో అతని పేరు సోడాబుడ్డి.

"షావుకారికి చూపిద్దాం పా."

"మళ్లా నగిచ్చుకోమంటావా? సోడాబుడ్డి చాలక సారాబుడ్డి అనిపిస్తావా?"

"నగితే నన్ను నగనీలే. నేనే పోతా."

"పెండ్లాన్ని పంపిచ్చినాడని ఇంకో పేరు పెడతారు. నిజం వజ్రమైతే సమ్మెటకు పగలదు. మా నాయన చెప్పినాడు. ఇంట్లో తేల్చుకునే పోదాం."

వాళ్ల నాయన జన్మలో వజ్రాన్ని చూడలేదు.

రాయిని వాకిట్లో బండ మీద పెట్టాడు. సుంకమ్మ దాని మీద అరచెయ్యి కప్పింది.

"మెల్లగ కొట్టు."

"మెల్లగ కొడితే గాజు కూడా నిలుస్తాది. చెయ్యి తియ్."

తీసింది. ఒక్క దెబ్బ. తెల్లటి పొడి మిగిలింది.

"చూసినావా, గాజే," అన్నాడు. గొంతులో సంతోషం. పరువు దక్కింది కదా. "పోయింటే ఏమయ్యేది చెప్పు."

"ఉగాదికి యాడికి పోదాం?" అంది ఆమె.

అతను సమ్మెట తుడుస్తూ కూర్చున్నాడు.

అది వజ్రమే. నాలో కరిగి లేచినదే దాన్ని మోసుకొచ్చింది. వజ్రం మీద ఇంకో వజ్రంతో తప్ప దేనితోనూ గీత పడదు, దెబ్బ వేస్తే మాత్రం పగులుతుంది. గట్టివాటి బతుకు అంతే. నేను వంగుతాను కాబట్టి ఇన్నాళ్లూ ఉన్నాను. ఆ మాట మద్దిలేటికి చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణి కాదు. నా మీద ఇంతమంది పడుకొని లేస్తారు, ఎంతమందికని చెప్పను?

మర్నాడు పొద్దున మద్దిలేటి ఆ పొడిని ఊడ్చి దిబ్బలో పోశాడు. చేనుకు పోతూ సమ్మెటను కూడా భుజాన వేసుకున్నాడు. ఇంకో రాయి దొరికితే అక్కడికక్కడే తేల్చుకోవచ్చని.