వెనక్కి వచ్చిన కట్ట

ఎవేలియో చొక్కా కాలరుకు పట్టిన పొగాకు జిడ్డు ఒక పట్టాన వదలదు. రెండోసారి సబ్బు రుద్దుతూ ఎర్మిందా, నిన్న చుట్టల ఫ్యాక్టరీలో మేస్త్రి దోన్ తిబుర్సియో అన్న మాటే తలుచుకుంటోంది. "యారెలీ పక్కన కూర్చున్నాక మీ ఆయన చేతికి పనితనం వచ్చిందమ్మా." అందరూ నవ్వారు. తనూ నవ్వింది.

వాళ్ల ఊరు ఎస్తెలీలో చుట్ట ఇద్దరి చేతి పని. మగాడు లోపలి ఆకులు కూర్చి కట్ట కడతాడు, ఆడది పై ఆకు చుట్టి ముగిస్తుంది. పదకొండేళ్లు ఎవేలియో కట్టినవి ఎర్మిందాయే చుట్టింది. మొక్క తలమీది దళసరి ఘాటాకు సరిగ్గా నడిమధ్యన ఉండాలి, లేకపోతే చుట్ట ఒకవైపే కాలిపోతుంది. ఆయన దాన్ని ఏ పక్కకో నెట్టేసేవాడు. ఆమె మేస్త్రి కంటబడకుండా కట్ట విప్పి, ఆకు మధ్యకు జరిపి, మళ్లీ బిగించేది. రోజుకు ఎన్ని విప్పిందో ఆమెకే తెలీదు. ఒకసారి గొణిగితే అత్తగారు, "మగాడి చెయ్యి మొరటే. సర్దడానికేగా పక్కన నువ్వున్నది" అంది. సర్దింది. మంచి పేరు మాత్రం ఆయనకొచ్చింది.

రెండు నెలల కిందట కొత్త రకం ఘాటు చుట్ట మొదలుపెడుతూ మేస్త్రి జంటలు మార్చాడు. ఎవేలియోను పంతొమ్మిదేళ్ల యారెలీ పక్కన వేశాడు. అప్పట్నుంచి ఎర్మిందాకు తిండి సయించడం లేదు. ఆ పిల్ల జడ, గోళ్ల రంగు, తల వంచి పని చేసుకునే తీరు, అన్నీ కళ్లలో కారం కొట్టినట్టే ఉన్నాయి. ఇంట్లో ఆయన ఈల వేసినా ఎవరి కోసమోననిపించేది.

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఎర్మిందా, యారెలీ బల్ల మీదినుంచి ఒక చుట్ట అడక్కుండానే తీసుకుని, పెరటి గోడ పక్కన కూర్చుని వెలిగించింది. వంక పెట్టాలనే వెలిగించింది. మొదటి దమ్ముకే మిరియం ముక్కుకెక్కింది. తర్వాత పాలులేని కాఫీ చేదు, దాని వెనకాలే బెల్లం పాకం తీపి. పొగ నోరంతా నిండుగా పరుచుకుంది. ఇప్పుడు పక్కకు కాలుతుంది, ఇప్పుడు కాలుతుంది అని సగం దాకా చూసింది. కాలలేదు. తెల్లటి బూడిద గుండ్రంగా, నిటారుగా నిలబడింది.

అంటే ఈయనకు పని చేతనవును. పదకొండేళ్లుగా చేతనవును. తన కోసం చెయ్యలేదు, అంతే. ఆ పిల్లను ముద్దు పెట్టుకున్నాడని తెలిసినా ఎర్మిందాకు ఇంత మండేది కాదేమో.

చేతిలో చుట్టతోనే వెళ్లి అడిగేసింది. "ఏం మందు పెట్టావే మా ఆయనకి?"

యారెలీ తెల్లబోయింది. "నేనేం పెడతానక్కా? కట్ట బాగోకపోతే వెనక్కిచ్చేస్తాను. మొదటిరోజు పదిహేడిచ్చాను. గుడ్లురిమాడు. నాకు విప్పి కట్టడం రాదుగా మరి, ఏం చెయ్యను?"

ఎర్మిందాకు అంతవరకు జడ మీదా గోళ్ల మీదా ఉన్న అసూయంతా ఒక్కసారిగా ఆ 'వెనక్కిచ్చేస్తాను' మీదికి మళ్లింది. వెనక్కి ఇవ్వొచ్చని తనకెవరూ చెప్పలేదు. ఈ పిల్లకు మాత్రం ఎవరు చెప్పారు!

శనివారం సాయంత్రం భోజనాల దగ్గర ఎవేలియో ప్రేమగానే అన్నాడు. "మేస్త్రితో మాట్లాడాను. సోమవారం నుంచి మళ్లీ నీ పక్కకే. ఆ పిల్లతో పడలేకపోతున్నానే, ప్రతిదానికీ పేచీ. నువ్వైతే ప్రాణానికి హాయి." అంతకు వారం ముందైతే ఆ మాటకే ఆమె కరిగి నీరయ్యేది. ఈసారి అతని కంచంలో ఇంకో మొక్కజొన్న రొట్టె వేసింది.

సోమవారం పొద్దున్నే మేస్త్రి దగ్గరకెళ్లి, ఎవేలియోను తన పక్కన వెయ్యొద్దని చెప్పింది. యారెలీ పక్కన ఖాళీ అయిన చోట తనను కూర్చోబెట్టమంది.

"అది కట్ట కట్టేవాళ్ల చోటమ్మా."

"పదకొండేళ్లుగా మీరు భేషన్న కట్టల్లో సగం నేను కట్టినవే."

తిబుర్సియో ఆమె వేళ్ల వంక చూసి, తప్పుకుని దారిచ్చాడు.

ఎర్మిందా కట్టి, చెక్క అచ్చులో నొక్కి తీసిన మొదటి కట్టను యారెలీ రెండు వేళ్లతో నొక్కుతూ కొసదాకా చూసింది. చూసి, బల్ల మీద వెనక్కి జరిపింది. "ఈ చివర మెత్తగా ఉందక్కా." ఎర్మిందాకు మళ్లీ ఒళ్లు మండింది. పళ్లు బిగపట్టి, కట్టను బిగించిన ఆకు విప్పింది. ఇన్నేళ్లలో ఆమె విప్పిన తన సొంత తప్పు అదే మొదటిది.