ఊగని గీత

కుషాయిగూడ షెడ్డులో మోకాలి లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి, నీళ్ల మీద పని బల్ల పడవలా ఊగుతోంది, బల్లకు అటువైపు పదకొండు నెలల కింద చచ్చిపోయిన శేషఫణి సారు చొక్కా విప్పుకుని తన రొమ్ము మీద తనే ఈసీజీ వైర్లు అతికించుకుంటుంటే, ఇటువైపు స్టూలు మీద మోనాచారి చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. సారు లేడన్న సంగతి అతనికి తెలుసు. అయినా పలకరించకపోతే బాగుండదని, చాయ్ తాగినరా సార్ అని అడుగుతాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. అవి నిజంగానే చారెడై, రెప్ప వేయకుండా చారి చేతుల్నే చూస్తున్నాయి.

ఆ చేతులు ఎనిమిదో తరగతి తప్పినప్పటి నుంచి తండ్రి దగ్గర వెండి పట్టీలకు టంకం వేసినవి, ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఈ షెడ్డులో ఈసీజీ మిషన్ల బోర్డులకు టంకం వేసినవి. గుండె గీత రోగి ఊపిరి పీల్చినప్పుడల్లా పైకీ కిందికీ తేలుతుంది. ఆ ఊగులాట తీసేయడానికి పెద్ద చదువు చదివిన సారు వెయ్యిన్నొక్క అంకెల ఫిల్టరు రాశాడు. గీతలోని ప్రతి చుక్కనూ ఆ అంకెలన్నిటితో హెచ్చించి కూడాలి, అది మిషన్లోని చిన్న చిప్పుకు తలకు మించిన పని, గీత నత్తలా పాకేది. చారి నెలరోజులు మిషన్ ముందు కూర్చుని, అంకెలు ఒక్కొక్కటే పీకేసి, మార్చి మార్చి చూసి, చివరికి మూడంటే మూడు అంకెలతో గీతను తాడు లాగి కట్టినట్టు నిలబెట్టాడు. ప్రదర్శనలో డాక్టర్లు చప్పట్లు కొట్టారు. కరపత్రం మీద మాత్రం రూపకల్పన అన్నచోట శేషఫణి పేరు పడింది. ఆ ముల్లు ఇంతవరకూ బయటికి రాలేదు, ఇప్పుడు నీళ్ల మధ్య కూడా అదే గుచ్చుకుంటోంది, అందుకే చారి నోరు తనంతట తనే తెరుచుకుంటుంది.

"గా ఫిల్టరు నాది సార్. మీ పేరెట్ల ఏసుకున్నరు?"

సారు నవ్వి మిషన్ మీట నొక్కుతాడు. కాగితం చీటీ బయటికి వస్తూ ఉంటుంది, బల్ల దాటి, నీళ్ల మీద పడి, షెడ్డు గోడలు ఎప్పుడు పోయాయో పోయి, కనుచూపు మేర తెల్లటి బాట అవుతుంది. దాని మీద గీత ఒక్క వెంట్రుకవాసి కూడా ఊగదు.

"ఎంత అందంగా ఉందో చూడు చారీ."

"మంచిగుంది సార్."

"ఆ రోజు కూడా ఇట్లాగే ఉంది. నొప్పి ఎడమ చేతిలోకి దిగుతుంటే నువ్వేమన్నావు?"

ఆ మధ్యాహ్నం చారి ముందుకొచ్చి నిలబడుతుంది: భోజనాలయ్యాక సారు రొమ్ము పట్టుకోవడం, మన మిషన్ ఉండగా ఆసుపత్రి ఎందుకని ఇద్దరూ నవ్వుకోవడం, వైర్లు చారే పెట్టడం, గీత సూటిగా రావడం, బజ్జీలు తిన్నరు గద సార్, గ్యాస్, సోడా తాగుండ్రి అని తను అనడం, సారు చీటీ అంచున ఏదో రాసి, మడిచిచ్చి, స్కూటరెక్కి పోవడం. సాయంత్రం అంబులెన్సులో వేరే మిషన్ పెడితే అదే గీత మీద గుట్టంత ఎత్తు, గుండెపోటు గుర్తు, కనబడిందట. సారు ప్రాణం ఆసుపత్రి గేటు దాకా కూడా ఆగలేదు.

"ఊపిరి గీతను మెల్లగా లేపుతుంది," అంటాడు సారు, పాఠం చెబుతున్నట్టు. "ఆగిపోయే గుండె కూడా మెల్లగానే లేపుతుంది. నా వెయ్యి అంకెలకు ఆ తేడా తెలుసు. నీ మూడింటికి తెలీదు. రెంటినీ కలిపి చదును చేశాయి."

"జబ్బు గుండెల రికార్డుల మీద చూసినంకనే పంపుదం అని మీరే అంటిరి. చూడకుండ సంతకం ఎవలు పెట్టిన్రు?"

"నేనే. చూసి బాగుందని తేలితే, ఎనిమిది తప్పినవాడు నాకంటే తెలివైనవాడని ఒప్పుకోవాలి. అది ఇష్టం లేక చూడలేదు." సారు గొంతులో కోపం లేదు, అదే చారికి భయం. "పోనీలే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నీదే. ఇన్నాళ్లూ ఏడ్చావుగా పేరు పేరని, తీసుకో."

తెల్లటి బాటకు రెండు పక్కలా నీళ్లలో మనుషులు కూర్చుని ఉన్నారు, ముసలివాళ్లు, పొలం బట్టల్లో ఆడవాళ్లు, అందరి రొమ్ముల నుంచీ వైర్లు, ఆ వైర్లన్నీ చారి వేళ్లకే వచ్చి ముడిపడ్డాయి. అమ్ముడుపోయిన రెండొందల పది మిషన్ల తాలూకు వాళ్లని అతనికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఒక ముసలామె ఊపిరి బిగబట్టి, ఆశగా అడుగుతుంది.

"నాది గ్యాసే గద బిడ్డా?"

"నాకొద్దు సార్," అంటాడు చారి. "మీ పేరే ఉండనియ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

సారు అప్పటికే బాల్‌పెన్ను మూత తీశాడు.

చారి నిద్ర లేచాడు. మధ్యాహ్నం మూడు, చెంప కింద బల్ల, మొహానికి టంకం వాసన. అవతల ప్యాకింగ్ చేసే యాదమ్మ కేకేసింది, ఇయ్యాల పోయే పన్నెండు మిషన్లకు మూతలు బిగిస్తున్న, చారన్నా, అని. అతను సొరుగు లాగి, ఆ రోజు సారు రొమ్ము మీద తీసిన చీటీని, మడత పెట్టింది పెట్టినట్టే దాచినదాన్ని, పదకొండు నెలల్లో మొదటిసారి విప్పాడు. వేడితో అచ్చయ్యే కాగితం. గీత మొత్తం వెలిసిపోయి తెల్లటి చీటీ మిగిలింది. అంచున బాల్‌పెన్నుతో రాసింది మాత్రం చెక్కుచెదరలేదు. సారు దస్తూరీ: ఫిల్టరు, మోనాచారి.

బొటనవేలు నాలుకతో తడి చేసుకుని ఆ పేరు మీద రుద్దాడు. యాదమ్మ మళ్లీ పిలిచింది. ఇంకా గట్టిగా రుద్దాడు. కాగితం చిరిగింది గానీ పేరు పోలేదు.