రాజును లేపే మాట

మా ఊరి నాటకంలో రాజు శానా పాపిష్టోడు. కోట బురుజు నిలబడలేదని, మేస్త్రీ కొడుకును బతికుండంగానే గోడలో పెట్టి కట్టిస్తాడు. ఆ పిల్లోని తల్లి వేషం మా అమ్మది, ఆమె పోయినాక నాది. నాటకం అయిపోతానే రాజు వేషగాడు కిరీటం తీసి నా కాళ్లకాడ బోర్లా పడుకోవల్ల. నేను "లే నాయనా, ఇది నాటకమే" అనేదాకా వాడు లేసేందుకు లేదు, ఇంటికి పోయేందుకు లేదు. తాతలనాటి కట్టడి అది.

దాన్ని సినిమా తీస్తామని శ్రీనివాసులు అనే డైరెక్టరు కర్నూలు నుంచి వచ్చినాడు. దుడ్లు పెట్టేదీ, రాజు వేషం కట్టేదీ భూపేష్ అని చెప్పినాడు.

నా కొడుకు ఏసుబాబు చచ్చింది ఆ భూపేష్ నాపరాళ్ల గనిలోనే. గట్టు విరిగి మీద పడితే, కేసవుతుందని మిషన్లు పెట్టి గుంత పూడిపించినాడు. పిల్లోడు ఆ పొద్దు పనికే రాలేదని సాక్ష్యాలు చెప్పించినాడు. మాకు శవం లేదు, సమాధి లేదు.

"వాని సినిమాకు ఎట్ల ఒప్పుకుంటివత్తా?" అనింది నా కోడలు మహిమ.

"వాడు నా కాళ్లకాడ పడతాడు. పడినోన్ని నేను లేపను, చూస్తాండు" అన్నా. మహిమ నా చెయ్యి తీసి తన తలమీద పెట్టుకునింది. ఒట్టేసినా.

చర్చీలో అయ్యగారు నన్ను నిలబెట్టి, "క్షమించు విశ్వాసమ్మా" అన్నారు. "పైనుండే ఆ తండ్రికి సిలువేసిన మూడోనాడు కొడుకు దొరికినాడయ్యా, నాకు ఎముక గూడా దొరకలే" అన్నా.

షూటింగుకు మా ఊరోళ్లను ఎవుర్నీ రానీలే. మహిమ ఎట్లాగూ వాని మొగం చూడలేననింది. కడా సీనుగా మా కట్టడినే తీసినారు. భూపేష్ కిరీటం తీసి నా కాళ్లకాడ పడుకున్యాడు. కెమెరా తిరగతాంది. నేను నోరు మెదపలే.

"మాట చెప్పమ్మా" అన్నాడు డైరెక్టరు.

"మా వోడు ఆ గుంతలో యాడుండాడో చూపీ భూపేషూ, లేపుతా" అన్నా.

వాడు తనే లేసి మోకాళ్ల దుమ్ము దులుపుకున్యాడు. "ముసిల్దానికి మతి చెడింది. షాటు వచ్చిందా?" అన్నాడు. "వచ్చిందన్నా" అన్నాడు డైరెక్టరు.

ఇంటికొచ్చి "లేపలే మహిమా" అని చెప్పినా. ఇద్దరమూ ఏడ్చి, కడుపునిండా సంగటి తిన్యాము.

సినిమా వచ్చినాక ఊరంతా కడపకు పోతిమి. హాల్లో మహిమ నా చెయ్యి పట్టుకోని కూర్చునింది. కడా సీను వచ్చె. నన్ను వెనకనుంచి చూపించినారు, ముసుగు తప్ప మొగం లేదు. వాడు కాళ్లకాడ ఉండాడు. అప్పుడు ఎవురిదో ఆడగొంతు, అచ్చం నా మాదిరే బొంగురుగా, "లే నాయనా, ఇది నాటకమే" అనింది.

రాజు కండ్లనీళ్లు పెట్టుకోని లేసినాడు. హాలంతా చప్పట్లు.

"మంచిపని చేసినావు విశ్వాసమ్మా, ఎన్నాళ్లని పగ" అన్నాడు మా ఊరి పెద్ద తిమ్మయ్య, వెనక సీట్లోంచి.

"నేను అనలే. అది నా గొంతు గాదు" అని మొత్తుకున్యా. ఆ చప్పట్లలో ఎవురికి వినపడుతుంది?

మహిమ నా చేతిలోంచి తన చెయ్యి తీసుకునింది.

"నాకాడ అబద్ధం ఎందుకు చెప్తివత్తా?" అనింది.

లైట్లు ఏసినాక చూస్తే ఆ యమ్మి సీట్లో లేదు.