ఎడమచేతిలో టీ గ్లాసు

గోదావరిఖని లైబ్రరీ మెట్లెక్కేటప్పటికే రాజరాజేశ్వరి టీచరు ఒక నిర్ణయానికి వచ్చేసింది. పేజీ మూయించాలి.

ఆమె భర్త నరసింహమూర్తి బొగ్గుబాయిలో సర్వేయరు. పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన తీసిన ఫొటోలన్నీ లైబ్రరీకి ఇచ్చి, ఒక్కోదానికి వివరం తనే రాసింది, పరీక్ష పేపర్లు దిద్దినంత జాగ్రత్తగా. లైబ్రరీ వాళ్లు వాటిని ఇంటర్నెట్‌లో వికీగా పెట్టారు. తెలిసినవాళ్లు ఎవరైనా దిద్దవచ్చు. నిన్న ఎవరో దిద్దారని ఫోనుకు కబురొచ్చింది. ఏం మార్చారో చూడటానికి ఆమెకు మనసొప్పలేదు.

“మూసేయమ్మా నాజియా. ఇవాళ వాక్యం మార్చారు, రేపు ఆయన పేరే తీసేస్తారు.”

లైబ్రేరియన్ నాజియా కుర్చీ జరిపింది. “మూస్త మేడం. ఫికర్ చెయ్యకుండ్రి. కానీ ముందుగాల ఒక్కసారి చూడుండ్రి.”

తెర మీద ఫొటో వచ్చింది. షిఫ్టు దిగి బాయి బయట టీ తాగుతున్న ముగ్గురు, మొహాల నిండా బొగ్గు. కింద ఎవరో అడ్డగీత కొట్టేసిన ఆమె మాటలు: ‘గుర్తు తెలియని కార్మికులు. మధ్యనున్న వ్యక్తి ఎడమచేతిలో టీ గ్లాసు. పైమూల నల్లటి మచ్చ, ఫొటో పాడైంది.’

పక్కనే చర్చ పేజీలో రిటైరైన కార్మికులిద్దరు తగువు పెట్టుకున్నారు.

ఎల్లేశం: “ఫొటో పాడుగాలే. గది నా వేలు. కెమెరా నాకిచ్చి సారే నడుమ నిలవడ్డడు.”

గట్టయ్య: “ఏంది బావా, నీకు ఫొటో గుంజుడు ఎప్పుడచ్చింది? నా తల సగమే పడ్డది.”

ఎల్లేశం: “ఉన్నదే సగం. గా ఎడమచేతి గ్లాసు ఎవలదో చెప్పు.”

గట్టయ్య: “మూర్తి సారుదే. ఇంకెవలది?”

రాజరాజేశ్వరి తెర మీదికి వంగింది. బాయి దగ్గరే స్నానం చేసి, తల దువ్వుకుని గాని ఆయన ఏనాడూ ఇల్లు చేరలేదు. ఆ మొహం మీద బొగ్గు ఆమె ఎన్నడూ చూడలేదు. తీసేది ఆయనే కనక ఏ ఫొటోలోనూ ఉండడనుకుంది. ఆయనది ఎడమచేతి వాటమే. వివరం రాసిననాడు గ్లాసు చూసింది, చెయ్యి చూసింది. మనిషిని పోల్చుకోలేకపోయింది.

నవ్వితే ఆయన ఎడమ కన్ను చిన్నదయ్యేది. ఇక్కడా అయింది.

“పాత మాటలే మళ్ల పెట్టాల్నా మేడం?”

“వద్దమ్మా. ఉండనీ.” కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. “ఇక్కడ నేనూ రాయొచ్చా?”

“ఎవలైనా రాయచ్చు మేడం.”

ఆమె కీబోర్డు దగ్గరకు లాక్కుని మెల్లగా టైపు చేసింది.

‘ఎల్లేశం గారికి, గట్టయ్య గారికి నమస్కారం. నేను మూర్తి గారి భార్యను. ఆ రోజు మీరేమన్నారని ఆయన అంతగా నవ్వారు?’

ఇంటికెళ్లే బస్సు పోతే పోయిందనుకుని, జవాబు కోసం అక్కడే కూర్చుంది.